తొమ్మిదింటి ఆకలికి ఏది వండాలి?

మా చిన్నాయన కొడుకు రెండు నెలల కింద ఉద్యోగానికి కరీంనగర్ నుంచి హైదరాబాద్ వచ్చాడు. గచ్చిబౌలిలో ఇద్దరు దోస్తులతో కలిసి ఒక గది తీసుకున్నాడు. మొన్నొక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు.

“అక్కా, బియ్యమున్నయ్, కందిపప్పుంది, నాలుగు ఉల్లిగడ్డలున్నయ్, ఆరు గుడ్లున్నయ్. జల్ది అయ్యేదేందో చెప్పు.”

“పొయ్యి కాడ ఎంతసేపు నిలబడతవ్ తమ్మీ?” అన్నాను.

“నిలబడుడేందక్కా, ఎన్ని నిమిషాల్ల అయితదో చెప్పు.”

ఆ రెండూ ఒకే ప్రశ్న అని నేను కూడా చాలా ఏళ్ళు అనుకున్నాను. నాంపల్లిలో ఉద్యోగం, కూకట్‌పల్లిలో ఇల్లు. మెట్రో దిగి, కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్ట కొనుక్కుని ఇంటి తాళం తీసేసరికి ఎనిమిదిన్నర. పదిహేను నిమిషాల్లో అవుతుందని ఉప్మా మొదలుపెడితే ఆ పదిహేను నిమిషాలూ గరిటె వదలడానికి లేదు. పప్పన్నానికి నలభై నిమిషాలు పడుతుంది. కానీ అందులో నా చేతికి పని ఉండేది ఎనిమిది, పది నిమిషాలే. తక్కిన అరగంట కుక్కర్ దాని పని అది చేసుకుంటుంది. ఆలోపు నేను స్నానం చేసి, పిల్లవాడి లెక్కల నోట్సు చూసి వస్తాను. పొద్దంతా పనిచేసి వచ్చిన మనిషికి కాళ్ళ మీద నిలబడే సమయమే బరువు. అందుకే ఈ వంటలన్నిటినీ ఆ లెక్క మీదే పోలుస్తున్నాను. ఎప్పుడూ ఇంట్లో ఉండే సరుకులతో అయ్యేవే తీసుకున్నాను: బియ్యం, రెండు మూడు రకాల పప్పులు, బొంబాయి రవ్వ, అటుకులు, చింతపండు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి, గుడ్లు, పెరుగు.

నేను ఎంచుకునేది ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఏమీ వండి లేకపోతే కిచిడీ. అన్నం మిగిలి ఉంటే పులిహోర, లేదా గుడ్డన్నం. ఆకలి ఒక్క నిమిషం ఆగేలా లేకపోతే అటుకులు. ఉప్మా మాత్రం రాత్రికి వండను. ఎందుకో ఆ వంట దగ్గర చెబుతాను.

కిచిడీ

కిచిడీ అంటే జ్వరం వచ్చినప్పుడు తినేది అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. పాతబస్తీలో పొద్దున్నే ఏదైనా హోటల్లో కూర్చుని తింటే ఆ మాట మళ్ళీ అనరు. మసూర్ పప్పు, పసుపు, ఎర్రగా వేగిన ఉల్లిగడ్డతో మెతుకు మెతుకు విడిగా ఉండే కిచిడీ, పక్కన ఖట్టా అనే చింతపండు పులుసు, ఖీమా, అప్పడం. హైదరాబాదీ ముస్లిం ఇళ్ళలో అది పొద్దుటి తిండి. నేను దాన్ని రాత్రికి తెచ్చుకున్నాను, ఖీమా లేకుండా.

ముగ్గురికి ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు మసూర్ పప్పు చాలు. రెండూ కలిపి కడిగి పక్కన పెట్టుకోవాలి. కుక్కర్లోనే రెండు చెంచాల నూనె వేసి చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు, ఒక ఇలాచీ, అర చెంచా షాజీర వేయాలి. షాజీర లేకపోతే మామూలు జీలకర్ర వేసుకోవచ్చు. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ ఎర్రబడేదాకా వేయించాలి. ఈ వంట మొత్తంలో నిలబడి చేయాల్సిన పని ఇదొక్కటే, ఆరేడు నిమిషాలు. దీన్ని తొందరపెట్టి ఉల్లిగడ్డ మెత్తబడగానే నీళ్ళు పోసేస్తే వచ్చేది జ్వరం కిచిడీయే. ఎర్రబడ్డాక అర చెంచా అల్లం ఎల్లిగడ్డ ముద్ద, రెండు పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి, బియ్యం పప్పు ఒక నిమిషం కలిపి, మూడు గ్లాసుల నీళ్ళు పోసి మూత పెట్టాలి. రెండు విజిళ్ళు వచ్చాక పొయ్యి ఆపేసి, ఆవిరి దానంతటది దిగేదాకా ముట్టుకోవద్దు. ఆ పది నిమిషాల్లో కూడా లోపల గింజ ఉడుకుతూనే ఉంటుంది.

మసూర్ పప్పునే ఎందుకు తీసుకోవాలి? పొట్టు తీసి, బద్దలుగా చేసిన పప్పు అది. నానబెట్టకపోయినా బియ్యంతో సమానంగా ఉడుకుతుంది. మామూలు గిన్నెలో కూడా పావుగంటకు మెత్తబడుతుంది. పెసరపప్పు ఇంచుమించు అంతే సమయం తీసుకుంటుంది. దాన్ని కొద్దిగా వేయించి వేస్తే కమ్మటి వాసన వస్తుంది, కిచిడీ కూడా మెత్తగా వస్తుంది. పండ్లు లేని ముసలివాళ్ళకు, చిన్నపిల్లలకు పెసరపప్పే మంచిది. కందిపప్పుతో కిచిడీ చేయాలనుకుంటే ముందు అరగంట వేడినీళ్ళలో నానబెట్టాలి. లేకపోతే బియ్యం ముద్దయినా పప్పు పలుకుగానే ఉంటుంది. మా తమ్ముడి గదిలో ఉన్నది కందిపప్పే కాబట్టి ఆ రాత్రి అతనికి కిచిడీ చెప్పలేదు.

కిచిడీ పక్కకు పెరుగు చాలు. కానీ పచ్చి పులుసు ఉంటే ఆ రాత్రి భోజనం పండగే. దీనికి పొయ్యితో పని దాదాపు లేదు. నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. రెండు పచ్చిమిరపకాయలు మంట మీద నల్ల మచ్చలు పడేదాకా కాల్చి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఉప్పు, కొత్తిమీరతో కలిపి చేత్తో గట్టిగా నలపాలి. నలపకపోతే కారం, ఉల్లిగడ్డ రసం నీళ్ళలోకి దిగవు. పులుసు పిండి, రెండు గ్లాసుల నీళ్ళు పోసి, వేయించి దంచిన నువ్వుల పొడి ఒక చెంచా వేసి, చివర ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి పోపు పెట్టాలి. పాతబస్తీ ఖట్టాలోనూ చింతపండు, నువ్వులు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చే ఉంటాయి. మా అమ్మ పల్లెలో చేసిన పచ్చి పులుసు, చార్మినార్ దగ్గర తిన్న ఖట్టా అక్కాచెల్లెళ్ళు అని నేను మొదటిసారి తిన్నప్పుడే అనిపించింది. కిచిడీ కుక్కర్ ఆవిరి దిగేలోపు పులుసు తయారవుతుంది. నిలబడే సమయం అంతా కలిపి పదిహేను నిమిషాలు దాటదు, మొత్తం ముప్పై అయిదు నిమిషాలు.

పప్పన్నం, నీళ్ళ సంగతి

పచ్చి పులుసుతో కలిపి చూస్తే, నిలబడే లెక్కలో పప్పన్నం కిచిడీ కన్నా తక్కువే. కింద గిన్నెలో కందిపప్పు, పసుపు, ఒక చుక్క నూనె, పైన నాలుగు ముక్కలు చేసిన టమాటాలు. పై గిన్నెలో బియ్యం. నాలుగు విజిళ్ళు వచ్చాక సన్నని మంట మీద అయిదు నిమిషాలు ఉంచి ఆపేయాలి. తర్వాత ఎనిపి పోపు పెట్టడమే. పోపులో దంచిన ఎల్లిగడ్డ, ఎండుమిర్చి, కరివేపాకు ఉంటే చాలు. చింతపండు వేసే అలవాటుంటే మాత్రం పప్పు ఉడికాకే వేయాలి. పులుపు తగిలితే పప్పు గింజ మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది.

మరి పప్పన్నాన్ని ఎందుకు మొదటి స్థానంలో పెట్టలేదంటే, అది ఒక్కోసారి మొండికేస్తుంది. మూడేళ్ళ కింద ఎండాకాలంలో ఎనిమిది విజిళ్ళు వచ్చినా మా ఇంట్లో కందిపప్పు పలుకు పలుకుగానే ఉండేది. పప్పు మంచిది కాదని కిరాణా షాపాయనతో గొడవపడ్డాను. ఆయన పాపం ఇంకో కిలో మార్చి ఇచ్చాడు. అదీ ఉడకలేదు. కారణం నీళ్ళని నాకు తర్వాత అర్థమైంది. నగరానికి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తాయి. కానీ ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్ ట్యాంకులోకి బోరు నీళ్ళే ఎక్కువగా ఎక్కుతాయి. మన బోరు నీళ్ళు చాలాచోట్ల కఠిన జలం. అందులో ఉండే కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తాయి. గింజ కణాలను అతికించి ఉంచేది ఆ పెక్టినే. అది కరగకపోతే పప్పు విచ్చుకోదు. మీ ఇంట్లో నల్లా మూతి చుట్టూ, గీజర్లో తెల్లటి పొర కడుతుంటే మీ పప్పుకూ ఇదే బాధ. పప్పు ఉడికించడానికి తాగేనీళ్ళు పోయండి, కడగడానికి మాత్రం ఏ నీళ్ళయినా ఫర్వాలేదు. అప్పటి నుంచి నేను అదే చేస్తున్నాను, మళ్ళీ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. కిరాణా షాపాయనకు వెళ్ళి సంగతి చెప్పి వచ్చాను కూడా. చిటికెడు వంటసోడా వేసినా పప్పు మెత్తబడుతుంది. కానీ సోడా పప్పులోని బి1 విటమిన్‌ను దెబ్బతీస్తుంది, అందుకే నేను వేయను. ఏడాది కింద కొన్న పాత పప్పు కూడా సరిగ్గా ఉడకదు. డబ్బా అడుగున మిగిలిన పాత పప్పు మీద కొత్తది పోయకుండా, పాతది ముందు వాడేయాలి.

మసూర్ పప్పుకు బోరు నీళ్ళు పోసినా కొంచెం ఆలస్యంగానైనా ఉడుకుతుంది. అలసిపోయిన రాత్రి కచ్చితంగా అవుతుందన్న నమ్మకం నాకు ముఖ్యం. కిచిడీ ముందుకు వచ్చింది అందుకే. ఇంకో తేడా గిన్నెలు. కిచిడీకి ఒక్క కుక్కర్ తోమితే సరి. పప్పన్నానికి కుక్కర్, రెండు గిన్నెలు, పోపు గరిటె.

ఈ రెండింటికీ ఉన్న బలం ఇంకెక్కడా లేదు, బియ్యం పప్పు కలవడం. 100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు ఎనిమిది గ్రాముల దాకా ఉంటే, అంతే తూకం కందిపప్పులో 22 గ్రాముల దాకా ఉంటాయి. మాంసకృత్తులు తయారయ్యే అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియొనిన్ బియ్యంలో ఉంటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజంతా తినే తిండి నుంచి వచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకుండా చూసుకోమని ఉంది. మన పళ్ళెం చూస్తే గుట్టంత అన్నం, దాని మీద గరిటెడు పప్పు. ఆ మాట చదివాక నేను కిచిడీలో పప్పు వాటా పెంచాను. ఒకప్పుడు గ్లాసు బియ్యానికి గుప్పెడు పప్పు వేసేదాన్ని, ఇప్పుడు అర గ్లాసు.

అటుకులు, ఉప్మా

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. కానీ పొయ్యి దగ్గర అవి పూర్తిగా వేరు. అటుకులు అప్పటికే సగం వండినవి. వడ్లను నానబెట్టి, వేయించి, అదిమి చేస్తారు. మనం చేయాల్సిందల్లా వాటికి తడి తగిలించి పోపు పెట్టడం. మందపాటి అటుకులైతే జాలీలో వేసి నల్లా కింద కడిగి అయిదు నిమిషాలు వదిలేయాలి. పల్చటివైతే కడగొద్దు, నీళ్ళు చిలకరిస్తే చాలు. కడిగితే ముద్దయిపోతాయి. బజార్లో కొనేటప్పుడే ఏ రకమో చూసుకోండి. పోపుకు నాకు మందపాటివే ఇష్టం. పల్లీలు, ఆవాలు, కరివేపాకు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు వేయించి, అటుకులు కలిపి, మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచి, దించాక నిమ్మరసం పిండాలి. పది నిమిషాల్లో పళ్ళెంలోకి వస్తుంది. ఇంట్లో ఏమీ వండి లేనప్పుడు ఇంతకన్నా త్వరగా అయ్యే వేడి తిండి నాకు తెలియదు.

ఉప్మాకు రవ్వ వేయించాలి, పోపు పెట్టాలి, ఎసరు మరగాలి, ఒక చేత్తో రవ్వ పోస్తూ ఇంకో చేత్తో కలుపుతూ ఉండాలి. మధ్యలో ఫోన్ మోగినా చూడకూడదు, ఉండలు కడుతుంది. పదిహేను నిమిషాలు నిలబడి చేసినా రెండు గంటలకు మళ్ళీ ఆకలి. మా ఇంట్లో ఉప్మా తిన్న రాత్రి పదకొండింటికి ఎవరో ఒకరు ఫ్రిజ్ తలుపు తెరుస్తారు. అందుకే నేను దాన్ని పొద్దుటికే ఉంచాను. పొద్దున ఉప్మా చేసేవాళ్ళకు ఒక్కటి చెబుతాను. ఆదివారం కిలో రవ్వ ఒకేసారి సన్నని మంట మీద వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోసుకోండి. పురుగు త్వరగా పట్టదు, ఉండలూ తక్కువ కడుతుంది, రోజూ అయిదు నిమిషాలు మిగులుతాయి. ఒక గ్లాసు రవ్వకు రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్ళు. మెత్తగా జారుగా ఇష్టమైతే మూడు.

సేమియా ఉప్మా కథ కూడా ఇదే, కాకపోతే ఉండల బాధ లేదు. ప్యాకెట్ నూడుల్స్ సంగతి నేను చెప్పేదేమీ లేదు. గుడ్డు కొట్టి వేసుకుంటే కొంత నయం.

అన్నం మిగిలి ఉంటే

పొద్దున వండిన అన్నం రాత్రికి ఉంటే సగం పని అయిపోయినట్టే. కానీ ఆ అన్నం పగలంతా ఎక్కడ ఉంది అన్నది ముందు చూడాలి. వండిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బతికే ఉంటాయి. వేడికి చావవు. గది వేడిలో గంటల తరబడి అన్నం ఉంటే అవి పెరిగి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వాంతులు, విరేచనాలు అవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మన నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో పొద్దున ఎనిమిదింటి అన్నం రాత్రి తొమ్మిదింటికి గిన్నెలో అలాగే ఉంటే నేను తినను, ఇంట్లో ఎవరినీ తిననివ్వను. అన్నం పారేయడం నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం మీదికి వచ్చే పని. అందుకే వండిన గంటలోపే, ఆవిరి పోయాక, వెడల్పు డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేస్తాను.

ఫ్రిజ్‌లో ఉన్న అన్నం పులిహోరకు వేడి అన్నం కన్నా మంచిది. చల్లారిన మెతుకు గట్టిపడుతుంది, కలిపినప్పుడు చితకదు. నిమ్మకాయ పులిహోరకు పోపు వేయించడం, కలపడం, అంతే, పది నిమిషాలు. నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పిండొద్దు, చేదెక్కుతుంది. చింతపండు పులిహోర అప్పటికప్పుడు చేయాలంటే పులుసు మరిగించడానికే ఇరవై నిమిషాలు పోతాయి. దానికి ఒకటే మార్గం, సెలవు రోజున పులుసు చేసి పెట్టుకోవడం. పావుకిలో చింతపండు గుజ్జు తీసి, నూనె, పసుపు, ఉప్పు, చిన్న బెల్లం ముక్క, పచ్చిమిర్చి వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించి, చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు వస్తుంది. తడి చెంచా పెట్టకూడదు. అప్పుడు చింతపండు పులిహోర కూడా పది నిమిషాల వంటే. పొద్దున డబ్బాలోకి కూడా అదే వెళ్తుంది. పులుపు వల్ల మధ్యాహ్నం దాకా పాడవదు. అందుకే మా అమ్మమ్మ వాళ్ళు రైలు ప్రయాణానికి ఎప్పుడూ పులిహోరే కట్టేవాళ్ళు.

పులిహోరలో కడుపు నిండుతుంది కానీ పప్పు లేదు. పల్లీలు కాస్త ఎక్కువ వేస్తే కొంత తీరుతుంది. నాకైతే పిల్లలున్న ఇంట్లో మిగిలిన అన్నానికి గుడ్డే సరైన జోడీ. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేయించి, మూడు గుడ్లు కొట్టి, కాస్త గట్టిపడ్డాక విడదీసి, అన్నం, మిరియాల పొడి వేసి పెద్ద మంట మీద రెండు నిమిషాలు కలపాలి. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులు. ఎనిమిది నిమిషాలు నిలబడితే చాలు. పెరుగన్నం గురించి ప్రత్యేకంగా చెప్పాలా? ఎండాకాలంలో దానికి సాటి లేదు, మామిడికాయ తొక్కు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

గుడ్డు పొరటు, గుడ్డు పులుసు

గుడ్లు మాత్రమే ఉన్నప్పుడు చాలామంది పులుసు గురించి ఆలోచిస్తారు. పులుసు రుచి నిజమే. కానీ గుడ్లు ఉడకాలి, పొట్టు తీయాలి, ఉల్లిగడ్డ టమాటా మగ్గాలి, చింతపండు పులుసు మరగాలి. అరగంట పైనే, అందులో ఇరవై నిమిషాలు నిలబడేదే. పొరటుకు పది నిమిషాలు, రొట్టెతోనూ అన్నంతోనూ పోతుంది. రాత్రికి పొరటు, ఆదివారం మధ్యాహ్నం పులుసు అని నేను పంచుకున్నాను. గుడ్లు పాతవేమో అని అనుమానముంటే గిన్నెడు నీళ్ళలో వేయండి. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే వెంటనే వాడుకోవాలి, తేలితే పారేయాలి.

వారం మధ్యలో వద్దనేవి

సర్వప్పిండి నాకు ప్రాణం. బియ్యప్పిండి, నువ్వులు, నానిన శనగపప్పు, ఉల్లిగడ్డ, కరివేపాకు కలిపి గిన్నె అడుక్కు అద్ది, మూత పెట్టి సన్నని మంట మీద కాలిస్తే అంచు కరకరలాడుతుంది. కానీ ఒక్కో గిన్నెకు పావుగంట. నలుగురికి చేయాలంటే గంట అవుతుంది, చివర తినేది చేసినవాళ్ళే. జొన్నరొట్టె చేయి తిరిగినవాళ్ళకు అరగంట పని, కొత్తవాళ్ళకు పిండి విరిగిపోయి ఏడుపు వస్తుంది. నేర్చుకోవాలనుకుంటే సెలవు రోజున, ఎవరైనా పెద్దవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోండి. శనగలు, రాజ్మా రాత్రంతా నానాలి కాబట్టి ముందు రోజు గుర్తుంటేనే.

బగారా అన్నం మాత్రం మినహాయింపు. చుట్టాలు చెప్పకుండా వచ్చినప్పుడు మా ఇంట్లో అదే. కిచిడీ పద్ధతే, పప్పు ఉండదు, ఇంకో రెండు లవంగాలు, బిర్యానీ ఆకు, పుదీన, కాస్త ఎక్కువ నూనె. పక్కన పచ్చి పులుసు, గుడ్డు పొరటు. నలభై నిమిషాల్లో వచ్చినవాళ్ళకు మర్యాద చేసినట్టు ఉంటుంది.

ఒంటరిగా ఉండేవాళ్ళకు ఇందులో ఒక మార్పు. ఒక్కరికి కిచిడీ వండినా నలుగురికి వండినా పని ఒకటే. కాబట్టి రెండు పూటలకు వండి, సగం తిని, మిగతా సగం వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు రెండు చెంచాల నీళ్ళు చల్లి మూత పెట్టి బాగా పొగలు వచ్చేదాకా వేడిచేస్తే కొత్తదానిలాగే ఉంటుంది. రైతు బజారుకు వారానికి ఒకసారి వెళ్ళగలిగితే ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, మెహదీపట్నం ఏది దగ్గరైతే అక్కడ ఉల్లిగడ్డ, టమాటా, పచ్చిమిర్చి, నిమ్మకాయలు తెచ్చుకుంటే పైన చెప్పిన వాటిలో ఏదీ ఆగిపోదు. కొత్తిమీర మాత్రం ఏ రోజుకారోజే.

ఆ రాత్రి తమ్ముడికి చెప్పింది ఇది. “బియ్యం కడిగి గిన్నెల పెట్టు. కుక్కర్ అడుగు నీళ్ళల్ల మూడు గుడ్లు కడిగి వెయ్యి, జర ఉప్పు వెయ్యి. మూడు విజిళ్ళు రానిచ్చి ఆపు. అంతల నువ్వు తానం చేసి రా.” కుక్కర్లో గుడ్లు ఒక్కోసారి పగులుతాయి, తినడానికి ఇబ్బందేమీ లేదు. ఆవిరి దిగాక ఉడికిన గుడ్లు సగానికి కోసి, ఉల్లిగడ్డ, కారం, ఉప్పు, పసుపుతో నూనెలో నాలుగు నిమిషాలు వేయించుకోమన్నాను. పది గంటలకు పళ్ళెం ఫోటో పంపాడు. ఉల్లిగడ్డ కొంచెం మాడింది, గుడ్లు బాగా వేగాయి. పక్క గిన్నెలో కందిపప్పు నానుతోంది. “రేపటికక్కా” అని రాశాడు. రాత్రంతా బయట ఉంటే పులుస్తది, ఫ్రిజ్‌ల పెట్టు అని వెంటనే ఫోన్ చేశాను.